పడవ ట్రైలర్‌కి రోలర్లా, స్కిడ్లా? నేను ఎలా తేల్చుకున్నానంటే

మెల్‌బోర్న్ పడమటి వైపు వెరిబీ, టార్నీట్, పాయింట్ కుక్ ప్రాంతాల్లో ఉండే మనవాళ్ళలో చేపలవేట సరదా ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ముందు జెట్టీ మీద గాలం వేస్తారు. తర్వాత తెలిసినవాళ్ళ పడవలో ఒకసారి వెళ్ళి స్నాపర్ పడతారు. ఇక సొంత పడవ కోసం వెతుకులాట మొదలవుతుంది. నేనూ అలాగే వచ్చాను. పడవ గురించీ ఇంజన్ గురించీ చెప్పేవాళ్ళు కావలసినంత మంది దొరికారు కానీ, ట్రైలర్ దగ్గరికొచ్చేసరికి ఒక్కొక్కరిదీ ఒక్కో మాట.

నేను కొన్నది 4.5 మీటర్ల సెకండ్ హ్యాండ్ అల్యూమినియం పడవ. ఇక్కడ ఇలాంటివాటిని టిన్నీ అంటారు. వెనక 50 హార్స్‌పవర్ ఇంజన్. పడవ గట్టిగానే ఉంది, దాంతో వచ్చిన ట్రైలర్ మాత్రం పని అయిపోయిన సరుకు. దాని మీద ఉన్నవి స్కిడ్లు, అంటే పడవ అడుగుకి ఆనుకునేలా పొడవునా బిగించిన చెక్క పట్టీలు, పైన కార్పెట్. ఓ మూల చిరిగిన కార్పెట్‌ని పట్టుకుని లాగితే తడిసిన ఉప్పు, ఇసుక ముద్దలుగా రాలాయి. కింద చెక్క పచ్చటి రంగులో ఉంది. చెద పట్టకుండా రాగి కలిసిన మందు పట్టించిన చెక్క అది. ఆ తడి చెక్క ఆనిన చోట పడవ అడుగున తెల్లటి పొడి, వేలితో తుడిస్తే గుండుసూది తలంత గుంటలు. రాగి, ఉప్పునీరు, అల్యూమినియం ఒకచోట చేరితే అల్యూమినియాన్ని తినేస్తాయి. గుంటలు లోతుగా లేవు కాబట్టి పడవకి ప్రమాదం తప్పింది, కానీ ఆ ట్రైలర్‌ని మార్చక తప్పదని అప్పుడే తేలిపోయింది.

మా తోడల్లుడు వెంటనే, "అన్నయ్యా, మొత్తం రోలర్లే పెట్టించు. ఒక్కడివే నెట్టినా నీళ్ళలోకి జారిపోతుంది" అన్నాడు. రోలర్లంటే పడవ అడుగు కింద తిరిగే చిన్న చక్రాలు. మా వీధిలో ఉండే గ్రీకు పెద్దాయన ముప్ఫై ఏళ్ళుగా పోర్ట్ ఫిలిప్ బేలో వేటకెళ్తున్నారు. ఆయన మాత్రం అల్యూమినియం పడవకి స్కిడ్లే మేలన్నారు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకి జవాబు చెప్తున్నారని నాకు కాస్త ఆలస్యంగా తట్టింది. ఒకరిది నీళ్ళలోకి దింపే సంగతి, ఇంకొకరిది మిగతా రోజులన్నీ పడవ ట్రైలర్ మీద కూర్చునే సంగతి.

దింపడం సంగతి ముందు చూద్దాం. స్కిడ్ల మీద పడవ ఒరుసుకుంటూ కదలాలి కాబట్టి, దాదాపు తేలేదాకా ట్రైలర్‌ని నీళ్ళలోకి దించాలి. రోలర్లయితే అంత లోతు అక్కర్లేదు. మా ఊరివైపు ఒడ్డున నావ కింద తాటి దుంగలు వేసి దొర్లించినట్టే ఇదీ. వెరిబీ సౌత్ ర్యాంప్‌లో, అంటే పడవలు నీళ్ళలోకి దింపే కాంక్రీట్ వాలులో, ఈ తేడా అంతగా తెలియదు, ఎందుకంటే పోర్ట్ ఫిలిప్ బేలో పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం తేడా మీటరు కూడా ఉండదు. అదే వెస్టర్న్ పోర్ట్ వైపు వెళ్తే మూడు మీటర్ల దాకా ఉంటుంది. పాటు సమయంలో ర్యాంప్ చివర లోతు లేక, స్కిడ్ల మీద ఇరుక్కున్న పడవని నలుగురు పట్టుకుని నెట్టడం అక్కడ నా కళ్ళారా చూశాను.

ఉప్పునీటికి సంబంధించి ఇంకో విషయం కూడా ఉంది. ఫ్రీవే మీద వచ్చిన ట్రైలర్ చక్రాల హబ్‌లు, అంటే చక్రం మధ్యలో బేరింగులుండే భాగాలు, వేడిగా ఉంటాయి. ఆ వేడి మీదే చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి కుంచించుకుని సీల్ పక్కనుంచి ఉప్పునీటిని లోపలికి పీలుస్తుంది. బేరింగులు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే. రోలర్ల ట్రైలర్‌కి హబ్‌లు మునిగేంత లోతు చాలాసార్లు అవసరపడదు. ఏ ట్రైలరైనా ర్యాంప్ దగ్గర కాసేపు చల్లారనిచ్చి, లైట్ల ప్లగ్ తీసి, అప్పుడు దించడం మంచిది.

మరి మొత్తం రోలర్లే ఎందుకు పెట్టించలేదు? ట్రైలర్లు అమ్మే ఒక యార్డ్‌లో నాలాంటి పడవే, పూర్తి రోలర్ల ట్రైలర్ మీద ఉన్నది చూశాను. టార్చ్ పట్టుకుని కింద పడుకుని చూస్తే, పక్క రోలర్లు పడవకి పక్కటెముకల్లా ఉండే రెండు బద్దల మధ్య ఉన్న పల్చటి రేకు మీద ఆనుతున్నాయి. రోలర్ ఉన్న ప్రతి చోటా రేకు కొద్దిగా లోపలికి నొక్కుకుని ఉంది. వేలితో తడిమితే తెలిసిపోతోంది. బరువంతా చిన్న చిన్న చోట్ల పడితే, గతుకుల రోడ్డు మీద ఒక్కో కుదుపూ అక్కడే తగులుతుంది. మందపాటి ప్లేట్‌తో చేసిన పడవకో, బరువైన ఫైబర్‌గ్లాస్ పడవకో, తగినన్ని రోలర్లుండి అవి సరైన చోట ఆనితే ఏ ఇబ్బందీ ఉండదు. పల్చటి టిన్నీకి మాత్రం నాకు మనసొప్పలేదు.

చివరికి కొత్త ట్రైలర్‌కి రెండూ కలిపి పెట్టించుకున్నాను. మధ్యలో కీల్ కింద, అంటే ముందు నుంచి వెనకదాకా ఉండే గట్టి వెన్ను కింద, వరసగా పాలీయూరిథేన్ అనే గట్టి ప్లాస్టిక్ రోలర్లు. బరువు మోసేది అవే. రెండు పక్కలా పడవ ఒరగకుండా పట్టుకోవడానికి ప్లాస్టిక్ స్కిడ్లు. ఈసారి కార్పెట్ లేదు, మందు పట్టించిన చెక్క లేదు. నల్ల రబ్బరు రోలర్లు చవకే కానీ పడవకి మరకలు పూస్తాయి, ఎండకి పగుళ్ళిస్తాయి.

షాపులో బిగించిన తర్వాత పడవని ఎక్కించి ఒక పరీక్ష చేశాను. ఇది ఎవరైనా చేయొచ్చు. సన్నటి అట్టముక్క తీసుకుని ఒక్కో రోలర్‌కీ పడవకీ మధ్య దూర్చి చూడాలి. సులువుగా దూరిపోతే ఆ రోలర్ ఏమీ మోయడం లేదని అర్థం. నా ట్రైలర్‌లో మధ్య రోలర్ ఒకటి అలా దొరికింది. అంతకన్నా ముఖ్యమైనది వెనక వైపు. చివరి రోలర్ ఇంజన్ బిగించే వెనక గోడకి జానెడు ముందే ఆగిపోయింది. ఇంజన్ బరువే నూరు కిలోలు దాటుతుంది. దాని కింద ఆధారం లేకపోతే రోజుల తరబడి అడుగు రేకు కిందికి వంగి, నీళ్ళలో పడవ నడకే మారిపోతుంది. జరపమంటే షాపువాళ్ళు "అందరికీ ఇంతే" అన్నారు. నేను ఒప్పుకోలేదు. యూ బోల్టులు వదులు చేసి జరిపేదాకా అక్కడే ఉన్నాను. ఈ విషయంలో ఎవరూ మొహమాటపడకూడదు.

బ్రేకుల సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. ఆస్ట్రేలియాలో ట్రైలర్ చక్రాల మీద పడే బరువు 750 కిలోలు దాటితే బ్రేకులు తప్పనిసరి. పడవ, ఇంజన్‌తో పాటు పెట్రోలు, బ్యాటరీ, ఐస్‌బాక్స్, లంగరు అన్నీ లెక్కలోకి వస్తాయి.

కొత్త ట్రైలర్‌తో దింపడం నిజంగా తేలికైంది. ఆ తేలికలోనే ప్రమాదం కూడా ఉంది. రోలర్ల మీదున్న పడవ వాలులో ఆగదు. పడవ వెనక భాగం నీళ్ళలోకి చేరకముందే పడవని ముందువైపు లాగి పట్టే వించ్ పట్టీ, సేఫ్టీ చెయిన్ విప్పితే పడవ నేరుగా కాంక్రీట్ మీద పడుతుంది. మా ఆవిడతో ముందే చెప్పుకున్నాం, ఇద్దరం చూసుకుని "సరే" అనుకున్నాకే చెయిన్ తీయాలని. ఎక్కించేటప్పుడు పక్కగాలి ఉంటే స్కిడ్లు పనికొస్తాయి, పడవ పక్కకి పోకుండా మధ్యకి తెస్తాయి.

ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడగడం తప్పదు. రోలర్ల పిన్నుల దగ్గర ఉప్పు పేరుకుంటే అవి తిరగడం మానేస్తాయి. తిరగని రోలర్ పడవని గీకుతుంది. కడిగేటప్పుడు ప్రతి రోలర్‌నీ చేత్తో ఒకసారి తిప్పి చూస్తాను. కొత్తలో బోల్టులు వదులవుతాయి కాబట్టి మొదటి కొన్నిసార్లు స్పానర్ వెంట ఉంచుకోవాలి.

ఈమధ్య టార్నీట్‌లో ఒక స్నేహితుడు ఇదే అడిగాడు. ఆయనది చిన్న అల్యూమినియం పడవే కానీ ఎక్కువగా ఈల్డన్ సరస్సుకే వెళ్తాడు. అక్కడ మంచినీళ్ళు, ఉప్పు బాధ లేదు, ఆటుపోట్లు లేవు. ఆయనకి నేను స్కిడ్లే పెట్టించుకోమని చెప్పాను. కాకపోతే ప్లాస్టిక్‌వి, వెనక గోడ దాకా పొడవున్నవి చూసుకోమన్నాను.