సూత్రం లేనిది ఒక్కటి చూపించు

అంకెలు అంతులేకుండా సాగే దశాంశాల్లో ఏ సూత్రానికీ అందనివీ ఉన్నాయన్నాను. "సూత్రం లేని దశాంశం ఒక్కటి చూపించు నాన్నా, అప్పుడు నమ్ముతా" అని మా అమ్మాయి తేల్చి చెప్పేసింది. పై (π) విలువలో అంకెలు ఎంత దూరమైనా సాగుతాయని తనూ ఒప్పుకుంటుంది. కానీ తన దృష్టిలో పై అంటే ఆ అంకెలు కావు, వాటిని పుట్టించే పద్ధతి. కేరళ గణితజ్ఞుడు మాధవుడి శ్రేణి తనకు నేర్పింది నేనే: ఒకటిలోంచి మూడో వంతు తీసెయ్, ఐదో వంతు కలుపు, ఏడో వంతు తీసెయ్, అలా పోతూ ఉంటే పైలో నాలుగో వంతుకి చేరువవుతాం. "ఆ ఒక్క లైను చాలుగా! మిగతా అంకెలన్నీ ఎక్కడో ముందే ఉన్నాయని ఎందుకనుకోవాలి?"

జర్మన్ గణితజ్ఞుడు కాంటర్ వాదన చెప్పాను. ఏ సూత్రమైనా కొన్ని అక్షరాల్లో రాసేదే కాబట్టి సూత్రాలన్నిటినీ ఒకటి, రెండు, మూడు అని వరుసలో పెట్టొచ్చు. దశాంశాలన్నిటినీ అలా పెట్టలేమని ఆయన 1891లో చూపించాడు. గళ్ల కాగితం మీద 0.3333, 0.1415, 0.4142, 0.7182 ఒకదాని కింద ఒకటి రాశాను. మొదటిదాంట్లో మొదటి అంకె, రెండోదాంట్లో రెండోది, అలా ఏటవాలుగా దిగితే 3, 4, 4, 2. ఒక్కోదానికి ఒకటి కలిపితే 0.4553. జాబితాను ఎంత పొడిగించినా, ఇలా తయారయ్యే సంఖ్య అందులో ఏదో ఒక అంకె దగ్గర ప్రతిదానితోనూ తేడా పడుతుంది.

తను పెన్సిల్ అందుకుని ఆ నాలుగు అంకెలకీ సున్నాలు చుట్టింది. "ఏటవాలుగా దిగు, ఒకటి కలుపు. ఇదీ సూత్రమే కదా?"

చాలా లోతైన ప్రశ్న అది. ఇదిగో అని మనం చూపించే ఏ సంఖ్యకైనా, దాన్ని చూపించడానికి వాడిన మాటలే సూత్రమైపోతాయి. సూత్రాలకి అందనివి అంతులేనన్ని ఉన్నాయని రుజువు చెబుతుంది గానీ, ఒక్కదాన్నీ తెచ్చి చేతిలో పెట్టదు. అయినా నేను పట్టు వదల్లేదు. "రుజువుంది, ఒప్పుకో" అన్నాను. ఊళ్లో లెక్కల మాస్టారుగా చేసిన మా నాన్నగారు ఫోన్‌లో మనవరాలి వైపే మాట్లాడారు: ఆర్యభటుడు పై కోసం 62832ని 20000తో భాగించి, ఇది దగ్గరి విలువ అని చెప్పి ఆగాడు కదరా!

అప్పట్నుంచీ ఒకటే తొలుస్తోంది. పెద్దవాళ్లు చెప్పారని ఊరుకోకు, కారణం అడుగు అని పిల్లకి నేర్పేది నేనే. శనివారం తెలుగు క్లాసుకి వెళ్లనంటే మాత్రం కారణం చెప్పను, కారు తాళాలు తీస్తాను.

పూర్తయిపోయిన అనంతం అంటూ లేదని డచ్ గణితజ్ఞుడు బ్రౌవర్ కూడా వాదించాడు. కానీ ఏ సూత్రానికీ కట్టుబడకుండా, ఒక్కో అంకెనీ అప్పటికప్పుడు ఎంచుకుంటూ పోయే వరుసకి ఆయన చోటిచ్చాడు. ఎంచుకున్నంత వరకే మనకు తెలుస్తుంది. అది చదివాక నా మనసు లెక్కల్లో నిలవలేదు. భాష, పండగలు, వరసలు పెట్టి పిలవడం నేర్పిస్తే ఈ పిల్ల ఎటు సాగుతుందో నాకు ముందే తెలుసన్న ధీమా నాది. తర్వాతి అంకె తనే ఎంచుకుంటానంటే నేను తట్టుకోగలనా? ఈ శనివారం క్లాసు మానేస్తానని మళ్లీ అడుగుతుంది. కారణం చెప్పాలి. నా దగ్గర ఇంకా లేదు.