పెరోల్ ఫైల్ ఆగేది ఎక్కడంటే

"విడుదల చేస్తే శాంతిభద్రతలకు భంగం కలగవచ్చు." పెరోల్, అంటే ఏదో అవసరానికి ఖైదీని కొన్నాళ్లు బయటకు పంపమనే అర్జీని పక్కన పడేయడానికి పోలీసు రిపోర్టులో ఈ ఒక్క ముక్క చాలు. భంగం ఎవరికి, ఊళ్లో ఎవరిని అడిగి రాసిన్రు అన్నది ఆ ముక్కలో ఉండదు. ఖైదీకి జవాబు చెప్పుకునే వేళ కూడా ఉండదు.

మన దగ్గర ఖైదీని బోర్డు ముందు కూర్చోబెట్టి వినే పద్ధతి లేదు, ఫైలే మాట్లాడుతుంది. సూపరింటెండెంట్‌కు అర్జీ ఇస్తే జైలు వాళ్లు నామినల్ రోల్ జత చేస్తారు. కేసు నంబరు, సెక్షన్లు, గడిపిన శిక్ష, నడవడిక అందులో ఉంటాయి. ఆపైన పోలీసు విచారణ.

చిక్కు ఎక్కువగా అడ్రసు దగ్గరే. తీర్పు కాపీలో "వరంగల్ జిల్లా" అని ఉంటుంది. 2016లో ఆ జిల్లా ఐదు ముక్కలైంది, 2019లో ములుగు వేరుపడింది, 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండగా మారింది. ఏటూరునాగారం మనిషి ఫైల్ వరంగల్ కమిషనరేట్‌కు పోతే "మా పరిధి కాదు" అని వాపసు రావాల్సిందే. కాబట్టి అర్జీలో ఇప్పటి జిల్లా, మండలం, ఠాణా పేరు రాయాలి. జమానతు ఉండేవాళ్ల ఆధార్ ఒక ఊరిది, కాపురం ఇంకో ఊళ్లో అయితే, విచారణకొచ్చిన కానిస్టేబుల్‌కు తాళం కనిపిస్తుంది. ఆ తాళమే రిపోర్టుకెక్కుతుంది. పెళ్లికైతే శుభలేఖ ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు, పంచాయతీ కార్యదర్శి లెటర్ కూడా పెట్టాలి. జబ్బుకైతే తారీఖు, సంతకం ఉన్న డాక్టరు కాగితం.

వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆస్పత్రి కోసం కూల్చేసి ఖైదీలను వేరే జైళ్లకు పంపిన్రు. హైదరాబాద్ దగ్గరి చర్లపల్లి జైల్లో ములాఖత్‌కే ఒక రోజు కూలి పోయే ఇంటోళ్లు ఫైల్ వెంట ఎన్నిసార్లు తిరుగుతారు?

శిక్ష తగ్గింపు వేరే సంగతి. మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 475 ప్రకారం విడుదలకు ముందు కనీసం 14 ఏళ్లు జైల్లో గడపాలి. ఇక్కడ కొంత మెరుగు. అర్హత ఉంటే ఖైదీ అడగకపోయినా పరిశీలించాలని, కాదంటే కారణం రాసి అతనికి తెలపాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పెరోల్‌కూ ఇదే పద్ధతి పెట్టాలి: పోలీసు రిపోర్టు కాపీ తెలుగులో, దానికి జవాబివ్వడానికి వారం, వీడియోలో పావుగంట విచారణ. కోర్టు వాయిదాలకు జైళ్లలో వీడియో వాడుతూనే ఉన్నారు కదా. బ్రిటన్‌లో న్యాయంగా ఉండాలంటే ఖైదీని ఎదుట వినాల్సిన సందర్భాలు ఏవో అక్కడి సుప్రీంకోర్టు 2013లో ఆస్‌బార్న్ కేసులో తేల్చింది. ఇక్కడ ఆ ప్రశ్నే ఇంకా పుట్టలేదు.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు: ఫర్లో (నడవడిక బాగుంటే ప్రత్యేక కారణం చూపకుండానే దొరికే సెలవు) రోజులు శిక్షలో కలుస్తాయి, పెరోల్ రోజులు కలవవు.

కస్టడీలో ఉన్నవాళ్లకు 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద వకీలు ఉచితం, 15100కు ఫోన్ చేయొచ్చు. అర్జీ తిరస్కరిస్తే మొదట ఆ ఉత్తర్వు కాపీ రాతపూర్వకంగా అడగండి. హైకోర్టులో రిట్ వేయాలన్నా వకీలు ముందడిగేది ఆ కాగితమే.