చిట్టితో విజయనగరం ఎజిలిటీ పోటీకి

ఎజిలిటీ అంటే మనం పక్కన పరిగెడుతూ దారి చూపిస్తుంటే కుక్క జంప్‌లు, టన్నెల్ లాంటి అడ్డంకులు వరసగా దాటే ఆట. శ్రీకాకుళం నుంచి విజయనగరం పెద్ద దూరమేం కాదు, బస్సెక్కితే చాలు. పక్కన మా కుక్క చిట్టి ఉంటే మాత్రం లెక్క వేరు. అందుకే తమ్ముడి కారు తీసుకున్నాం. వెనక సీటు మీద దాని పాత దుప్పటి వేసి, నీళ్ల సీసా, గిన్నె, ఉడికించిన చికెన్ లివర్ ముక్కల డబ్బా పెట్టుకుని తెల్లారకముందే బయల్దేరాం. సంక్రాంతి అయిన కొత్త, ఎచ్చెర్ల దాటాక హైవే మీద మంచు దట్టంగా ఉంది. పైడిభీమవరం వచ్చేసరికి తెల్లారింది. నాతవలస దగ్గర హైవే వదిలి డెంకాడ రోడ్డు పట్టాం. చిట్టికి కారులో కడుపు తిప్పుతుంది, పైగా పరుగుకు ముందు కుక్కకు కడుపునిండా పెట్టకూడదు కాబట్టి దారిలో ఆపి నడిపించడం, కాసిన్ని నీళ్లు పట్టడం, అంతే.

చిట్టి ఊరకుక్క. పిల్లగా ఉన్నప్పుడు వానకి మా అరుగు మీదకి వచ్చింది, మళ్లీ వెళ్లలేదు. ఈ ఆట బోర్డర్ కోలీ అనే జాతి కుక్కలకే అని చాలామంది అన్నారు. ఆ జాతి ఎక్కువగా గెలుస్తుంది, నిజమే. కానీ ఇక్కడ ఎవరూ జాతి అడగలేదు. భుజం దగ్గర ఎత్తు కొలిచి, దాన్ని బట్టి జంప్ కర్ర ఎంత ఎత్తులో పెట్టాలో తేల్చారు. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ డాగ్ షోలో విరామంలో జనానికి కాలక్షేపంగా, గుర్రాల జంపింగ్ చూసి తయారుచేసిన ఆట ఇది. ఇప్పుడు మా పెరట్లో కూడా ఆడుతున్నాం. సరుగుడు కర్రలు పన్నెండు, ఒక్కోదానికీ మధ్య 60 సెంటీమీటర్లు ఉండేలా పాతి వీవ్ పోల్స్ చేశాం, వాటి సందుల్లోంచి కుక్క వంకర్లు తిరుగుతూ పోవాలి. మొదటి కర్ర కుక్క ఎడమ భుజం వైపు ఉండేలా దూరాలి, ఆ తర్వాత ఒక్క సందు కూడా వదలకూడదు. అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది అదే.

గ్రౌండ్‌లో కోర్స్, అంటే అడ్డంకుల వరస, పరిచాక కుక్క లేకుండా మనం ఒక్కళ్లమే నడిచి చూసుకోవడానికి కొద్దిసేపు ఇస్తారు. ఎక్కడ తిరగాలి, టన్నెల్‌లోంచి బయటికొచ్చేసరికి నేను ఏ పక్కన ఉండాలి, అంతా అప్పుడే తేల్చుకోవాలి. గేటు దగ్గర ఒక పెద్దాయన, "ఏటమ్మా, కుక్కలికి కూడా పందేలేటి?" అన్నాడు. అవును బాబాయ్ అని ఆట చెప్పాను. ఆయన అక్కడే నిలబడిపోయాడు.

మా వంతు వచ్చింది. గొలుసు తీసేశాను, మెడ పట్టీ కూడా. పరుగులో కుక్కను ముట్టుకోకూడదు, చేతిలో తిండి ఉండకూడదు. ఉన్నవల్లా మన గొంతు, చెయ్యి, భుజం, పాదం. అందులోనూ కుక్క ముందు చూసేది మన ఒంటినే. నోటితో "టన్నెల్" అంటూ భుజం జంప్ వైపు తిప్పితే అది జంప్‌కే పోతుంది, అది తప్పు చేసినట్టు కాదు, మనం చెప్పిందే చేసినట్టు. నాకు ఈ ఆట మీద ఇంత ప్రేమ అందుకే.

జంప్‌లు, టన్నెల్ దాటి వీవ్ పోల్స్‌లోకి ఎడమ భుజంతో సరిగ్గా దూరింది. ఒళ్లంతా వంకర్లు తిప్పుకుంటూ చివరి కర్ర దాకా వచ్చేసింది. తర్వాత సీ-సా, అంటే మధ్యలో ఆనించి అటూ ఇటూ వాలే పలక. నాకు టెన్షన్ అంతా దాని దగ్గరే. పలక మధ్యకి రాగానే చిట్టి ఆగింది. ముందు కాళ్లు కొంచెం ముడిచి, పలక కదలడం మొదలయ్యేదాకా చెవులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. నేను ముందుకు పోలేదు, పిలవలేదు, పక్కనే నిలబడ్డాను. పలక నెమ్మదిగా వాలింది, అవతలి కొస ఠప్పున నేలకి తగిలింది, అది బెదరలేదు. చివరన ఉన్న పసుపు రంగు మీద కాలు పెట్టాకే దిగింది. అక్కడ కాలు పెట్టకుండా దూకితే 5 ఫాల్ట్‌లు, అంటే తప్పుకి వేసే పాయింట్లు. గేటు దగ్గర నుంచి "అద్గదీ!" అని కేక వినిపించింది, పెద్దాయనదే.

ఆఖర్న ఒక జంప్‌లో వెనక కాలు తగిలి కర్ర పడింది. దానికి 5 ఫాల్ట్‌లు వేశారు. బహుమతి రాలేదు. కానీ కొత్త చోట, స్పీకర్ల మోతలో, పక్కన ఇన్ని కుక్కలున్నా దాని చూపు నా మీంచి కదల్లేదు. గీత దాటగానే మోకాళ్ల మీద కూర్చుంటే మీదకి దూకి మొహమంతా నాకేసింది. అప్పుడు లివర్ డబ్బా మొత్తం దానిదే.

తిరిగొచ్చేముందు తమ్ముడు, "అక్కా, ఇంత దూరం వచ్చి అమ్మవారిని చూడకుండా పోతామా" అంటే మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి గుడికి ఒకరి తర్వాత ఒకరం వెళ్లొచ్చాం, చిట్టి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. ఎండెక్కాక ఆపేసిన కారులో కుక్కను ఒక్క నిమిషం కూడా వదలకండి. దానికి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకోవాలి.

ఇప్పుడు సీ-సా మీద ఆ ఆగడం తగ్గించే పనిలో ఉన్నాం. పలక కొస కింద ఇటుకలు పెట్టి, అది కొంచెమే వాలేలా చేసి, రోజుకో ఇటుక తీసేస్తున్నాం. శ్రీకాకుళంలో ఎవరికైనా కుక్కతో ఇది నేర్చుకోవాలని ఉంటే, ఏ జాతైనా సరే, జాతి లేకపోయినా సరే, తీసుకురండి. పెరడూ ఉంది, కర్రలూ ఉన్నాయి.