మధుపర్కాల తెలుపు కోసం

మొన్న మాఘమాసంలో చేసిన ఒక పెళ్లి ఆల్బమ్ నాకు వారం రోజులు నిద్ర లేకుండా చేసింది. 12×36 సైజులో 40 షీట్లు. ల్యాబ్ నుంచి రాగానే నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. పెళ్లికూతురి నాన్నగారు ఒక్కో షీటూ తిప్పుతూ తలంబ్రాల దగ్గర ఆగిపోయారు. "బాబూ, మా అమ్మాయి మధుపర్కాలు తెల్లవి కదా, ఇవేంటి, పసుపునీళ్లలో ముంచి తీసినట్టున్నాయి?" అన్నారు. కోప్పడి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

ల్యాబ్‌వాళ్లతో గొడవ పెట్టుకోబోయి ఆగాను. అదే ఫైలు ఫోన్‌లో తెరిస్తే అక్కడా చీర పసుపే. ఫోన్ తెర చూసి రంగు తేల్చకూడదు గానీ, తేడా అంత కొట్టొచ్చినట్టు ఉంది. నా మానిటర్‌లో మాత్రం అదే చీర మల్లెపువ్వులా మెరుస్తోంది!

మానిటర్ కొన్న రోజు నుంచీ దాని బ్రైట్‌నెస్ నూటికి నూరు పెట్టి పనిచేస్తున్నాను. తెర వెలుగు ఎక్కువైతే ఫోటో బాగా వెలుగుగా ఉందనిపించి తగ్గిస్తాం, ప్రింటు నల్లబడుతుంది. తెర తెలుపులో నీలం ఎక్కువైతే మొహాలు పాలిపోయినట్టు కనబడి పసుపు కలుపుతాం. నేను రెండూ చేశాను. ఇన్నేళ్ల అనుభవం ఉన్న కన్ను పట్టుకోలేదా అంటే, పట్టుకోలేదు. కాసేపు ఏ తెలుపు ముందు కూర్చుంటే అదే అసలైన తెలుపని కన్ను అలవాటు పడిపోతుంది.

గుంటూరులో ప్రెస్ పనిచేసే స్నేహితుడు తన కలరిమీటర్ ఇచ్చాడు, తెర రంగునీ వెలుగునీ కొలిచే పరికరం. దాంతో తెరను సరిచేసే డిస్‌ప్లేకాల్, దాని వెనక నడిచే ఆర్గైల్ సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితమే. మానిటర్‌ని అరగంట వేడెక్కనిచ్చి, బొమ్మను బట్టి వెలుగును దానంతటదే మార్చే డైనమిక్ కాంట్రాస్ట్ తీసేసి, ట్యూబ్‌లైటు ఆర్పాను. తెరను కొంచెం వెనక్కి వంచితే కలరిమీటర్ సందు లేకుండా అతుక్కుని కూర్చుంది.

తెలుపు 6500 కెల్విన్, గామా (నలుపుకీ తెలుపుకీ మధ్య ఛాయలు ఎంత వెలుగుగా కనిపించాలో చెప్పే అంకె) 2.2, వెలుగు చదరపు మీటరుకు 120 క్యాండెలాలు అని పెట్టుకున్నాను. ల్యాబ్‌లు అడిగే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణానికి ఉన్న తెలుపు ఈ 6500 కెల్వినే. ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద 6500కె అని ఉంటుందే, ఆ కొలతే. అంకె పెరిగేకొద్దీ నీలం, తగ్గేకొద్దీ పసుపు. నా తెరకు మొదటి కొలత 7900, వెలుగు 290! చూసి కాసేపు చెయ్యి ఆడలేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు మూడు కనిపిస్తాయి. మానిటర్ బటన్లతో మూడింటినీ మధ్య గుర్తుకు తేవాలి. నీలం 100 నుంచి తగ్గిస్తూ వచ్చాను. అది దిగితే ఆకుపచ్చ పైకి పోతుంది, దాన్ని దింపితే మళ్లీ నీలం కదులుతుంది. చివరికి నీలం 84, ఆకుపచ్చ 95 దగ్గర మూడూ నిలబడ్డాయి. ఎరుపును ముట్టుకోలేదు.

తర్వాత రంగురంగుల గళ్లు ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ సాఫ్ట్‌వేరే కొలుచుకుంటుంది. సగంలో ఉండగా సాయంత్రం అయిందని విండోస్ నైట్ లైట్ దానంతటదే ఆన్ అయింది. తెరంతా పసుపు, అప్పటిదాకా కొలిచిందంతా వృథా. దాన్ని పూర్తిగా ఆపేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి డెల్టా ఈ, అంటే ఉండాల్సిన రంగుకీ తెర చూపించే రంగుకీ ఉన్న తేడా, సగటు 1 లోపు వచ్చింది. అంత చిన్న తేడాను మామూలుగా కన్ను పసిగట్టలేదు.

ఆ కొలతలతో తయారైన ప్రొఫైల్ ఎక్కగానే తెర పసుపుగా మాసినట్టు కనిపించి టెన్షన్ పడ్డాను. వెనక్కి మార్చేద్దామని కూడా అనిపించింది. ఇలాంటప్పుడు మార్చకుండా ఓపిక పట్టాలి. భోజనం చేసి వచ్చి కూర్చుంటే ఆ పసుపు కనబడలేదు. తలంబ్రాల ఫైలు తెరిచాను. నాన్నగారు అన్నట్టే, చీర పసుపునీళ్లలో ముంచినట్టు ఉంది.

40 షీట్లూ మళ్లీ సరిచేసి, ముందు ఆ ఒక్క షీటు నా ఖర్చుతో ప్రింటు వేయించాను. కిటికీ పక్కన పెట్టి చూశాను. తెల్లటి చీర, ఎర్రంచు, మెడలో పసుపుతాడు. పాత ప్రింటులో ఆ తాడు చీర రంగులో కలిసిపోయి కనబడనే లేదు. ఇప్పుడు దాని ముడి దగ్గర తడి పసుపు కూడా కనిపిస్తోంది. అప్పుడే మిగతా 39 పంపాను.