మా నల్లోడు లేడు
విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధుల్లో ఎవరికి నొప్పులొచ్చినా 108 కంటే ముందు ఫోన్ నాకే. ఆశా కార్యకర్త బతుకంతే. అన్నం తినకుండా బయల్దేరితే మా అత్తయ్యకన్నా మా కుక్క నల్లోడే ఎక్కువ అలిగేవాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు మేడ మీద మాతోపాటే ఉన్నాడు, బోట్లో వచ్చిన పాలప్యాకెట్లో వాటా అడుగుతూ.

ముసలితనం, కిడ్నీలు పోయాయి. నీళ్లు తెగ తాగేవాడు, అన్నం ముట్టేవాడు కాదు. సెలైన్ పెట్టించినా నిలవలేదు.

పోయింది మొన్న బుధవారం, టీకాల రోజు. మా ఆయన ఫోన్ చేసేసరికి నా ఒళ్లో ఎవరిదో పసిబిడ్డ, సూది పొడిపించుకుని గుక్కపట్టి ఏడుస్తోంది. కుక్క కోసం సెలవేంటంటారని ఎవరికీ చెప్పలేదు.

"అందరిళ్లకీ వెళ్తావు, వాడి దగ్గరికి రాలేదేంటమ్మా?" అంది మా పాప. రేపు శనివారం, మళ్లీ టీకాలు. దానికేం చెప్పాలో తెలిస్తే చెప్పండి.