నికోసియాలో మురుగు ఒప్పందం

సైప్రస్ దీవి రాజధాని నికోసియాలో, లెడ్రా వీధిలో ఐస్‌క్రీం కొట్లూ బట్టల షాపులూ దాటుకుంటూ పోతుంటే ఉన్నట్టుండి పోలీసు బూత్ అడ్డం వస్తుంది. పాస్‌పోర్టు చూపించి నాలుగడుగులు వేస్తే రెండో బూత్, మళ్ళీ పాస్‌పోర్టు. ఆ రెండింటి నడుమ తలుపులు మూసేసిన పాత ఇళ్ళు. ముందున్న కుటుంబం కాగితాలు ఎంతకీ తేలలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి, ఒకే ఊళ్ళో ఇటునుంచి అటు పోవడానికి ఈ తంతేమిటని చిరాకుపడ్డాను.

1963 డిసెంబరులో గ్రీకు, టర్కిష్ సైప్రియట్ల మధ్య అల్లర్లప్పుడు పీటర్ యంగ్ అనే బ్రిటిష్ సేనాధికారి ఊరిని రెండుగా విడదీస్తూ మ్యాపు మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో గీసిన గీత ఇది. 1974 జూలైలో గ్రీసు సైనిక పాలకుల అండతో ఇక్కడి ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర జరిగింది. ఐదు రోజులకే టర్కీ సైన్యం దిగింది. అప్పుడు దీవి మొత్తం చీలింది. గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి, టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి ఇళ్ళొదిలి పరుగెత్తారు.

ఉత్తరాన బుయుక్ హాన్ అనే పాత సత్రం ఉంది. దాని ముంగిట్లో టీ తాగుతుంటే పక్క బల్ల దగ్గరి పెద్దాయన మాట కలిపారు. నేను గోడలూ ముళ్ళకంచెల గురించి అడిగాను. ఆయన మురుగు గురించి చెప్పారు!

యుద్ధం నాటికి ఊరి డ్రైనేజీ పని సగంలో ఉంది. దక్షిణపు మురుగు పల్లానికి, అంటే ఉత్తరానికే పారాలి. దాన్ని శుద్ధిచేసే చోటు మియా మిలియా కూడా ఉత్తరంలోనే పడింది. 1978లో గ్రీకు వైపు మేయరు లెల్లోస్ దిమిత్రియాదిస్, టర్కిష్ వైపు మేయరు ముస్తఫా అకింజీ కూర్చుని, ఊరంతటికీ ఒకటే వ్యవస్థ ఉండాలని తేల్చుకున్నారు. నాలుగేళ్ళ క్రితమే ఒకరినొకరు చంపుకున్న జనాల మేయర్లు వాళ్ళు! ఆ మరుసటేడే రెండు వైపులకూ కలిపి నగర ప్రణాళిక మొదలైంది. పెద్ద నాయకులకు చేతకానిది ఇద్దరు మేయర్లు చేశారంటే నాకు వాళ్ళ మీద ఎంతో గౌరవం కలిగింది.

"మరి మిగతావన్నీ ఎందుకు కుదర్లేదు?" అన్నాను.

"2004లో కలిసిపోదామని మా వైపు 65 శాతం ఓటేశాం. వాళ్ళు 76 శాతం వద్దన్నారు" అన్నారాయన, గొంతులో కోపం దాచుకోకుండా.

సాయంత్రం దక్షిణానికి తిరిగొచ్చి, యూరోల్లో గుండె గుభేలుమనే ధర పెట్టి కాఫీ తీసుకున్నాను. కొట్టు నడిపే ఆవిడతో ఇదే మాటెత్తాను. ఆ అల్లర్లలో, యుద్ధంలో కనిపించకుండా పోయిన 2,002 మందిలో వాళ్ళ పెదనాన్న ఒకరట. ఆ రెండువేల మందిలో ఇరువైపుల వాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఎముకలు తవ్వి గుర్తుపట్టే సంఘం 1981లో ఏర్పడింది, అందులోనూ ఇరువైపుల వాళ్ళూ కలిసే పనిచేస్తారు. పెదనాన్న ఎముకలు దొరికాయని, ఆ తవ్విన పిల్లలంటే తనకు ప్రాణమని, వాళ్ళలో టర్కిష్ పిల్లలూ ఉన్నారని చెప్పింది.

ఉత్తరాన కైరీనియా ఊళ్ళో వదిలొచ్చిన ఇంటి సంగతి వచ్చేసరికి మాత్రం ఆమె గొంతు పెరిగింది. "అందులో ఇప్పుడు ఎవరో ఉంటున్నారు. ఆ ఇల్లు మాకు తిరిగిస్తారని ఎవరు మాటిచ్చారు? అందుకే వద్దని ఓటేశాను. మళ్ళీ అడిగినా అదే వేస్తాను."