గెడ్డ గట్టున ఆదివారం

స్కాట్లాండ్‌లో డండీ దగ్గరున్న కార్నూస్టీ గోల్ఫ్ మైదానంలో ఆఖరి హోల్, అంటే బంతి వేయాల్సిన ఆఖరి గుంట, ముందు ఒక వాగు పారుతుంది. దాన్ని వాళ్లు బారీ బర్న్ అంటారు. మా విజయనగరం వైపు గెడ్డ అంటాం. పరిగెత్తుకొచ్చి ఒక్క గెంతు గెంతితే దాటేయొచ్చు అనిపించే వెడల్పు, రెండు పక్కలా గోడ, అడుగున మాసిపోయిన నీళ్లు. 2024 జులై 28, ఆదివారం నాడు ఆ గట్టున మూడు గంటలు నిలబడ్డాను. గోల్ఫ్ అంటే ఆ పొద్దుటి దాకా నాకు డబ్బున్నవాళ్ల షికారే.

తీసుకెళ్లింది మా అల్లుడు. మనవరాలిని చూసుకోవడానికని నేనూ మా ఆవిడా డండీ వెళ్లి అప్పటికి ఆరు వారాలు. "సీనియర్ ఓపెన్ ఆఖరి రోజు మావయ్యా, ఇలాంటిది మళ్లీ ఎప్పుడు చూస్తారు" అని ముందే టికెట్లు కొనేశాడు. ఎంతయింది అంటే "మీకెందుకు మావయ్యా" అన్నాడు. అంటే ఎక్కువే అయి ఉంటుంది. యాభై దాటినవాళ్లకి మాత్రమే ఈ పోటీ అని అతను చెబుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ "అయితే మీరూ పేరిచ్చేయండి" అంది. తను మాత్రం రాలేదు. వస్తే ఆ గాలికి నన్ను ఇప్పటికీ సాధిస్తూ ఉండేది.

డండీ నుంచి పావుగంట రైలు. కార్నూస్టీకి ముందు గోల్ఫ్ స్ట్రీట్ అని ఒక బుల్లి స్టేషన్ వచ్చింది. మా బండి అక్కడ ఆగలేదు. గోల్ఫ్ చూడబోయే జనాన్ని ఎక్కించుకున్న బండి గోల్ఫ్ స్ట్రీట్‌లో ఆగకపోవడం ఏమిటో! అసలు అక్కడ ఆగే బళ్లే చాలా తక్కువని అల్లుడు చెప్పాడు.

టీవీలో చూసి నేను ఊహించుకున్నది నున్నటి పచ్చిక, చెరువులు, పెద్ద పెద్ద చెట్లు. అక్కడ చెట్లు తక్కువ. సముద్రపు ఒడ్డున ఎగుడుదిగుడు ఇసుక నేల, దాని మీద పొట్టిగా గడ్డి. లింక్స్ అంటే ఇదేనట. సముద్రానికీ సాగు భూములకీ మధ్య దేనికీ పనికిరాకుండా మిగిలిపోయిన బీడులో పుట్టిన ఆట. భీమిలి దగ్గర దిబ్బల మీద సరుగుడు పీకేసి గడ్డి పెంచితే అచ్చం ఇలాగే ఉంటుంది. దారి తప్పిన బంతిని మింగేయడానికి గోర్స్ అనే ముళ్ల పొదలు ఉన్నాయి. గట్టులా పేర్చిన పచ్చిక గోడలతో ఇసుక గుంటలు ఉన్నాయి. వాటిలో ఒక దాంట్లోకి దిగిన పెద్దాయనకి టోపీ ఒక్కటే పైకి కనపడింది. గేటు దగ్గర కాగితం కప్పులో కాఫీకి నాలుగు పౌండ్లు ఇచ్చుకున్నాను. రూపాయల్లోకి మార్చడం మానేయమని అమ్మాయి చెబుతూనే ఉంటుంది, మానలేకపోతున్నాను.

అల్లుడు ఆటగాళ్ల వెనకాల నడుస్తానన్నాడు. పద్దెనిమిది హోల్స్ నా మోకాళ్లకి కుదిరే పని కాదు. "అయితే గెడ్డ దగ్గర ఉండండి, అందరూ చచ్చేది అక్కడే" అని నన్ను అక్కడ నిలబెట్టి, లెక్క నేర్పి వెళ్లాడు. ఒక్కో హోల్‌కి ఇన్ని దెబ్బలని ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. దానికంటే ఒక దెబ్బ తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్. ఒకటి ఎక్కువైతే బోగీ. రైలు దిగి వచ్చాం కదా, ఆ ఒక్క మాట మాత్రం వెంటనే గుర్తుండిపోయింది.

కాసేపటికి తెల్ల జుట్టాయన ఒకడు బంతి ముందు నిలబడి కర్ర సర్దుకుంటున్నాడు. పక్కనెవరూ తెలిసినవాళ్లు లేకపోయినా నోరూరుకోక "ఎవరీయన?" అన్నాను, మామూలు గొంతుతోనే. గట్టు మీదున్న జనమంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. నిశ్శబ్దం అని రాసిన అట్ట పట్టుకున్న వాలంటీరు నన్ను చూసి దాన్ని ఇంకో జానెడు పైకెత్తాడు. అంతమంది మనుషులు అంత నిశ్శబ్దంగా ఉంటారని నాకెలా తెలుస్తుంది? క్రికెట్టుకి అలవాటుపడ్డ ప్రాణం.

అప్పుడు నవ్వింది నా ఎడమ పక్కనున్న ముసలాయన ఒక్కడే. ఎనభై దగ్గర పడి ఉంటాయి. వంగి, చెవిలో ఏదో అన్నాడు. ఆ ఊరి యాస నా బ్యాంకు ఇంగ్లీషుకి అందేది కాదు. మళ్లీ చెప్పించుకుంటే తేలిందేమిటంటే, "మా అమ్మా నీలాగే మాట్లాడేది, జనపనార మిల్లులో పనిచేసింది."

"మా నాన్న కూడా" అన్నాను. ఈసారి గుసగుసగానే.

నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో మగ్గాల మీద పనిచేశాడు. ఆ చప్పుడుకి చెవులు పోయి ఇంట్లోనూ అరుస్తూనే మాట్లాడేవాడు. ఆయనకి వినపడాలని మేమూ అరిచేవాళ్లం. కొత్తగా ఇంటికొచ్చినవాళ్లు ఏదో గొడవ జరుగుతోందనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవారు. అన్నం దగ్గర మాత్రం మాటలుండవు. చిటికెన వేలు చూపిస్తే ఉప్పు, అరచెయ్యి బోర్లిస్తే మజ్జిగ. మిల్లులో మగ్గానికీ మగ్గానికీ మధ్య అలవాటైన సైగలే అవి. ముసలాయన తల్లి కూడా అంతేనట. డండీ మిల్లుల్లో ఆడవాళ్లే ఎక్కువ, పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకునేవారు. చాలా ఇళ్లలో ఆడవాళ్లు పనికెళ్తే, పని దొరకని మగవాళ్లు ఇంటి దగ్గర ఉండేవారు. వాళ్లని 'కెటిల్ బాయిలర్లు', అంటే టీ నీళ్లు కాచేవాళ్లు, అని ఊరంతా ఎగతాళి చేసేది. తన తండ్రి వాళ్లలో ఒకడని చెప్పి ఆయన మళ్లీ నవ్వాడు.

డండీ అనే మాట నేను మొదట చూసింది ఏ పటంలోనూ కాదు. చిన్నప్పుడు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు పాత మగ్గం ఇనుము మీద పోత పోసిన అక్షరాల్లో చూశాను. నాన్న అది యంత్రం పేరు అనుకునేవాడు. "డండీ మొరాయించింది ఇవాళ" అనేవాడు. బెంగాల్ నార ఓడలెక్కి డండీ వెళ్లేది. తిమింగలం నూనెతో మెత్తబడి గోనె అయ్యేది. తర్వాత డండీ యంత్రాలూ, మేనేజర్లూ కలకత్తా చేరారు. ఆ కలకత్తా మిల్లులే చివరికి డండీని ముంచాయి. ఇదంతా ఆయన చెప్తుంటే నాకు మా మిల్లు గేటు ముందు బళ్లు బళ్లుగా దిగే గోగునార వాసన వచ్చింది. వాన పడితే ఊరంతా కుళ్లు కంపు.

మధ్యలో ఆయన జేబులోంచి చిన్న పొట్లం తీసి "టాబ్లెట్?" అన్నాడు. నాకు భలే చిక్కొచ్చి పడింది. బీపీ మాత్ర పొద్దున్నే వేసుకున్నానని మర్యాదగా చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. పొట్లం విప్పితే లేత గోధుమ రంగు ముక్కలు. చక్కెర, వెన్న, పాలు కలిపి గట్టిపడేదాకా కాచిన మిఠాయి. పేరే టాబ్లెట్. నోట్లో వేసుకుంటే మన కోవా బాగా ముదిరి ఇసుకగా మారినట్టుంది. నిజంగా తింటే మర్నాడు షుగరు మాత్ర కూడా కావాలి. రెండు ముక్కలు తిన్నాను.

గెడ్డ కథలన్నీ ఆయనకి కంఠోపాఠం. 1999లో ఇక్కడే జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో వాన్ డె వెల్డె అనే ఫ్రెంచివాడు మూడు దెబ్బల ఆధిక్యంతో ఈ ఆఖరి హోల్‌కి వచ్చాడు. ఈ హోల్ ఆరు దెబ్బల్లో ముగించినా కప్పు అతనిదే. బంతి ఈ గెడ్డలో పడింది. బూట్లూ మేజోళ్లూ విప్పి, ప్యాంటు మడిచి, నారు మడిలోకి దిగినట్టు దిగాడు. నీళ్లలోంచి కొడదామా అని చాలాసేపు చూసి, మానుకుని పైకొచ్చాడు. మొత్తం ఏడు దెబ్బలు. సమానంగా నిలిచినవాళ్ల మధ్య మళ్లీ ఆడించే ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు. 2007లో హారింగ్టన్ ఇదే హోల్‌లో రెండుసార్లు గెడ్డలో వేసి కూడా ప్లేఆఫ్‌లో నెగ్గాడు. "నీళ్లు ఒకటే, మనుషులు వేరు" లాంటి మాటేదో చెబుతాడనుకున్నాను. ఆయన అలాంటివాడు కాదు. ఫ్రెంచివాడు తెలివితక్కువవాడు, అంతే, అన్నాడు.

ఈలోగా మోకాలికి పట్టీ కట్టుకున్న ఆటగాడొకడు వచ్చాడు. పేరు నాకు తెలియదు, గెలిచే లెక్కలో ఉన్నవాడూ కాదు. దూరంగా కర్ర చప్పుడు, బంతి కనపడలేదు. తర్వాత గోడ అంచు మీద టక్కుమని తగిలి, నిటారుగా లేచి, మా కళ్ల ముందే నీళ్లలో పడింది. బుడుంగుమన్న ఆ చిన్న శబ్దం అందరికీ వినపడింది. జనం ఒక్క నిట్టూర్పు విడిచారు. ఆయన కుంటుకుంటూ వచ్చి, గట్టు మీద నిలబడి, కిందకి చూశాడు. బావిలో చేద జారిపోయినప్పుడు చూస్తామే, అలా. సంచి మోసే కేడీ ఇంకో బంతి అందించాడు. ఆయన దాన్ని చొక్కాకి రెండుసార్లు తుడిచి కింద వదిలాడు. ఆ తుడవడం నాకెందుకో మనసుకి పట్టింది. అరవై ఏళ్ల మనిషి, ఓడిపోయిన ఆట, అయినా బంతి శుభ్రంగా ఉండాలి.

చివరి జట్టు వచ్చేసరికి నా ముందు తలలు తప్ప ఏమీ లేవు. చప్పట్లు మాత్రం విన్నాను. గెలిచింది కొరియావాడు కె.జె. చోయ్, 54 ఏళ్లు. పార్ కంటే 10 తక్కువ, రెండో స్థానంలో ఉన్న ఆస్ట్రేలియా రిచర్డ్ గ్రీన్ మీద రెండు దెబ్బల తేడా. సీనియర్ మేజర్, అంటే సీనియర్ల పెద్ద పోటీల్లో ఒకటి, గెలిచిన మొదటి కొరియన్. వరి పండించే ఇంట్లో పుట్టి, చిన్నప్పుడు బరువులెత్తిన మనిషట. ఆ మే నెలలోనే, సరిగ్గా తన పుట్టినరోజున, ఒక ప్లేఆఫ్‌లో బంతి నీళ్ల మధ్య చిన్న గడ్డి దిబ్బ మీద పడితే అక్కణ్నుంచే కొట్టి గెలిచాడని రైల్లో అల్లుడు చెప్పాడు. ముసలాయనకి ముందే చెప్పాల్సిన కథ అది. కానీ ఆయన ఎప్పుడు వెళ్లిపోయాడో చూసుకోలేదు.

ఆదివారం బళ్లు తక్కువ. స్టేషన్లో యాభై నిమిషాలు నిలబడ్డాం. అల్లుడి కాళ్లు బొబ్బలెక్కాయి. మూడు గంటలు ఒకే చోట ఏం చూశారు మావయ్యా అంటే మిల్లు సంగతి చెప్పాను. డండీలో వెర్డంట్ వర్క్స్ అని పాత జనపనార మిల్లుని మ్యూజియం చేశారట, మగ్గాలు ఇప్పటికీ తిప్పి చూపిస్తారట, ముసలాయన చెప్పాడు. నాలుగేళ్లుగా ఆ ఊళ్లో ఉంటూ అల్లుడు అందులోకి ఎప్పుడూ వెళ్లలేదు.

"రేపు వెళ్దాం" అన్నాను. "టికెట్ ఎంతో చూడు."